పెళ్లికూతురి ముత్యాలపేరు: గురిగింజ తూకం నుండి మిల్లీమీటరు దాకా – సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంత నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగువారి పెళ్లిళ్లలో ముత్యాలపేరుకు ప్రత్యేక స్థానం ఉంది. అయితే వధువుకు ఎంత ముత్యం తగును, ఎన్ని పేటలు తగును అన్న ప్రశ్నకు ఒక్కో కాలం ఒక్కో కొలమానంతో సమాధానం చెప్పింది. ప్రాచీన రత్నశాస్త్రాలు సరాల సంఖ్యను, బరువును ప్రమాణంగా తీసుకున్నాయి. మధ్యయుగపు వర్తకం జల్లెడను, 'చవ్' లెక్కను ఆశ్రయించింది. ఇరవయ్యో శతాబ్దపు సాగుముత్యం మిల్లీమీటరును ప్రమాణంగా నిలిపింది. ఈ మార్పుల క్రమాన్ని, హైదరాబాదు ముత్యాల విపణితో వాటికి గల సంబంధాన్ని, ఆ విపణికి పడమటి ముఖద్వారంగా ఉన్న సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు వివాహ సంస్కృతిపై వాటి ప్రభావాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ముత్యపు పరిమాణం అందానికి మాత్రమే కాక స్త్రీధనపు విలువకు, దాని రక్షణకు సంబంధించిన విషయమని ఇందులో ప్రతిపాదించడం జరిగింది.

కీలకపదాలు: ముత్యాలపేరు, స్త్రీధనం, చవ్, బస్రా ముత్యం, సాగుముత్యం, గుట్టపూసలు, సత్లడ, పటాన్‌చెరు, సంగారెడ్డి.

1. ఉపోద్ఘాతం

బంగారానికి తులం ఉంది, వెండికి కిలో ఉంది. ముత్యానికి మాత్రం ఆ సౌలభ్యం లేదు. ఒకే బరువున్న రెండు ముత్యాలపేర్ల వెలలో ఎంతో తేడా ఉండవచ్చు. ఒకే పొడవున్న రెండు పేర్లలో ఒకటి సామాన్య కుటుంబానికి అందుబాటులో ఉంటే, మరొకటి సంపన్నులకే పరిమితం కావచ్చు. ఈ తేడాకు కారణం ముత్యపు పరిమాణం. కనుకనే పెళ్లికూతురికి పేరు ఎంపిక చేసే వేళ 'ఎంత ముత్యం?' అన్న ప్రశ్న ముందుకు వస్తుంది.

ముత్యానికి తెలుగు వివాహంలో ఉన్న స్థానం ఆభరణంతో ముగియదు. నల్లపూసల మధ్య ముత్యం, పగడం చేర్చి గుచ్చే ఆచారం అనేక కుటుంబాలలో ఉంది. భద్రాచలంలో శ్రీరామనవమినాడు జరిగే సీతారామ కల్యాణానికి ప్రభుత్వం పట్టువస్త్రాలతోపాటు ముత్యాల తలంబ్రాలను సమర్పిస్తుంది. ఈ ఆనవాయితీ గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలం నుండి వస్తున్నదని సంప్రదాయం చెబుతుంది. అంటే ముత్యం తెలుగు నేలపై హిందూ వివాహాన్ని, ముస్లిం రాజాస్థానాన్ని కలిపిన వస్తువు కూడా. అటువంటి వస్తువును కొలిచే పద్ధతులు ఎలా మారాయో తెలుసుకోవడం సామాజిక చరిత్రలో భాగమే అవుతుంది.

2. శాస్త్రగ్రంథాలలో హారపు కొలతలు

కౌటిలీయ అర్థశాస్త్రంలో రెండవ అధికరణంలోని రత్నపరీక్షా ప్రకరణం ముత్యాలతోనే మొదలవుతుంది. తామ్రపర్ణి, పాండ్యకవాటం మొదలైన జన్మస్థానాలను పేర్కొన్న తరువాత మేలైన ముత్యపు లక్షణాలను అది చెబుతుంది. పెద్దదిగా ఉండడం, గుండ్రంగా ఉండడం, నిలకడగా ఉండక దొర్లడం, కాంతి, తెలుపు, బరువు, నునుపు, తగిన చోట రంధ్రం ఉండడం అన్నవి ఆ లక్షణాలు. పరిమాణాన్ని మొదట చెప్పినా, చివర రంధ్రాన్ని కూడా గుణాలలో చేర్చడం గమనార్హం. ఎంత పెద్ద ముత్యమైనా బెజ్జం నడిమి నుండి తప్పితే పేరులో సరిగా కూర్చోదు. హైదరాబాదు పనివారి నైపుణ్యానికి తరువాతి కాలంలో వచ్చిన గుర్తింపు ఈ చివరి లక్షణానికి సంబంధించినదే.

అదే ప్రకరణం హారాలను కూర్పును బట్టి శీర్షకం, ఉపశీర్షకం, ప్రకాండకం, అవఘాటకం, తరళప్రతిబంధం అని విభజిస్తుంది. వ్యాఖ్యాతల వివరణ ప్రకారం నడుమ ఒక పెద్ద ముత్యం ఉండి మిగిలినవన్నీ సమానంగా ఉంటే అది శీర్షకం. నడుమ పెద్దది ఉండి ఇరువైపులా క్రమంగా తగ్గుతూ పోతే అవఘాటకం. అన్నీ సమానమైతే తరళప్రతిబంధం. నేటి ముత్యాల దుకాణంలో వధువు ముందు పరిచే రెండు ప్రధాన నమూనాలు, అంటే ఒకే సైజు పేరు, నడుమ పెద్దవై అంచులకు సన్నగిల్లే పేరు, ఈ విభజనలోనే కనిపిస్తాయి. సరాల సంఖ్యను బట్టి 1008 సరాల ఇంద్రచ్ఛందం, 504 సరాల విజయచ్ఛందం, 64 సరాల అర్ధహారం, 54 సరాల రశ్మికలాపం వంటి పేర్లు కూడా అక్కడ ఉన్నాయి. 27 ముత్యాల నక్షత్రమాల పేరు తరువాతి కాలంలో 27 పద్యాల రచనకు కూడా స్థిరపడింది.

క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహిత మరొక అడుగు ముందుకు వేసి బరువుకు వెలను జోడించింది. అందులో మాష అంటే ఐదు గురిగింజల ఎత్తు. నాలుగు మాషల ముత్యానికి 5300 కార్షాపణాలు, రెండు మాషల ముత్యానికి 800, ఒక మాష ముత్యానికి 135 అని ఆ గ్రంథం వెల కట్టింది. బరువు నాలుగింతలైతే వెల సుమారు 39 రెట్లు అయిందన్నమాట. చిన్న ముత్యాలను విడివిడిగా కాక, ఒక ధరణం ఎత్తుకు ఎన్ని తూగుతాయో లెక్కించి వర్గాలుగా విభజించారు. పెద్ద ముత్యం దొరకడం ఎంత అరుదో ఈ వెలల పట్టిక చెప్పకనే చెబుతుంది.

3. తెలుగు నేలపై ముత్యపు దారి

తెలుగు తీరంలో మన్నారు సింధుశాఖకు సాటివచ్చే ముత్యపు వేట లేదు. ముత్యం ఇక్కడికి వర్తకం ద్వారానే వచ్చింది. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనం ఇందుకు బలమైన ఆధారం. సముద్ర వర్తకులకు అభయమిచ్చి, సుంకాలను నిర్ణయించిన ఆ శాసనంలో చందనం, కర్పూరం, పట్టు, పగడాలతోపాటు ముత్యాలు కూడా ఉన్నాయి. విజయనగరాన్ని 1520 ప్రాంతంలో చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయస్ మహర్నవమి ఉత్సవంలో స్త్రీలు ధరించిన బంగారం, కెంపులు, ముత్యాల బరువును ఆశ్చర్యంతో వర్ణించాడు.

గోలకొండ కాలంలో మచిలీపట్నం రేవు పారశీక తీరంతో నేరుగా సంబంధం కలిగి ఉండేది. గోలకొండ వజ్రాల గురించి వివరంగా రాసిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, ముత్యపు వేట జరిగే స్థలాలలో బహ్రైన్‌ను ముందుగా పేర్కొన్నాడు. పారశీక సింధుశాఖ ముత్యానికి విపణిలో స్థిరపడిన పేరు 'బస్రా ముత్యం'. నిజాం పాలనలో బొంబాయి ఈ ముత్యానికి ప్రధాన విపణి అయింది. 1874లో వాడి–సికిందరాబాదు రైలుమార్గం ప్రారంభం కావడంతో బొంబాయికీ హైదరాబాదుకూ మధ్య దూరం తగ్గింది. లింగంపల్లి, శంకర్‌పల్లి మీదుగా సాగే ఆ మార్గమూ, పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాదుల మీదుగా పడమటికి పోయే రహదారీ హైదరాబాదును పశ్చిమ తీరంతో కలిపిన రెండు దారులు. పశ్చిమ చాళుక్య జయసింహుని కాలంలో పొట్టళకెరె పేరుతో రాజధానిగా వెలసిన పటాన్‌చెరుకు దారికూడలిగా ఉండడం కొత్త కాదు.

4. జల్లెడ, గురిగింజ, చవ్

మన్నారు తీరంలో వేటాడిన ముత్యాలను విభజించడానికి ఇత్తడి జల్లెడలు వాడేవారు. ఒక్కొక్క జల్లెడకు 20 మొదలుకొని 1000 దాకా రంధ్రాలు ఉండేవి. రంధ్రాలు తక్కువైన కొద్దీ అవి పెద్దవిగా ఉంటాయి. 20 రంధ్రాల జల్లెడలో నిలిచినవి అన్నిటికంటె పెద్దవి. జల్లెడ తరువాత త్రాసు, త్రాసు తరువాత కన్ను. పరిమాణం, బరువు, నిగారింపు అన్న మూడు మెట్లలో ముత్యపు తరగతి తేలేది.

వెల నిర్ణయానికి బొంబాయి, మద్రాసు విపణులలో 'చవ్' అనే లెక్క వాడుకలో ఉండేది. చవ్ అన్నది త్రాసులో తూచగల బరువు కాదు, లెక్కించి తేల్చవలసిన సంఖ్య. ముత్యాల మొత్తం బరువును అదే బరువుతో హెచ్చించి, వచ్చిన లబ్ధాన్ని ముత్యాల సంఖ్యతో భాగించి, స్థానిక ప్రమాణాన్ని బట్టి ఒక స్థిరసంఖ్యతో సవరిస్తారు. ఒకే బరువులో 50 ముత్యాలకు బదులు 25 ముత్యాలు ఉంటే చవ్ రెట్టింపు అవుతుంది. పాశ్చాత్య వర్తకులు కూడా ముత్యపు బరువును గ్రెయినులలో తూచి, దాని వర్గాన్ని మూలధరతో హెచ్చించేవారు.

ఈ సూత్రాన్ని ఒక వధువు పేరుకు వర్తింపజేసి చూస్తే పరిమాణపు మహిమ అర్థమవుతుంది. పొడవు 16 అంగుళాలు, అంటే సుమారు 406 మిల్లీమీటర్లు అనుకుని, ముళ్లకు, కొక్కేనికి పోయే చోటును పక్కన పెడితే లెక్క ఇలా తేలుతుంది.

4 మి.మీ. ముత్యాలైతే 101 పడతాయి. మొత్తం బరువు సుమారు 9 గ్రాములు.
6 మి.మీ. ముత్యాలైతే 67 పడతాయి. మొత్తం బరువు సుమారు 20 గ్రాములు.
8 మి.మీ. ముత్యాలైతే 50 పడతాయి; మొత్తం బరువు సుమారు 36 గ్రాములు.

6 నుండి 8కి పోయినప్పుడు ముత్యపు వ్యాసం మూడోవంతు మాత్రమే పెరిగింది. బరువు రెండింతలకు కొంత తక్కువగా పెరిగింది. చవ్ మాత్రం నాలుగు రెట్లు దాటింది. 4 నుండి 8కి పోతే చవ్ 30 రెట్లు దాటుతుంది. పొడవు మారకపోయినా, చూపుకు తేడా స్వల్పంగానే తోచినా, వెల ఎందుకు అంతగా ఎగబాకేదో ఈ లెక్క వల్ల తెలుస్తుంది. ఈ లెక్క దళారికి తెలుసు, కొనే తల్లిదండ్రులకు తెలియదు. చవ్ పుస్తకం ఎవరి చేతిలో ఉందో బేరం వారి చేతిలో ఉండేది.

5. సత్లడ, గుట్టపూసలు: రెండు సౌందర్య దృష్టులు

హైదరాబాదు ఆస్థాన సంప్రదాయం పెద్ద ముత్యాన్ని, అధిక సరాలను ఆదరించింది. నిజాం ఆభరణాలలో సత్లడ, అంటే ఏడు పేటల బస్రా ముత్యాల హారం, 465 ముత్యాలతో కూర్చినది. ఆ ఆభరణ సముదాయంలోని 173 వస్తువులను భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది. సత్లడ రాజకుటుంబానికే పరిమితం కాలేదు. హైదరాబాదు ముస్లిం వధువు అలంకరణలో మెడను అంటి ఉండే చింతాక్, కాళీపోత్ లచ్ఛాలతోపాటు సత్లడ కూడా స్థిరమైన స్థానం పొందింది. స్తోమతను బట్టి ముత్యం చిన్నదయ్యేది కాని పేటల సంఖ్య ఏడుగానే నిలిచేది. ఇక్కడ సంఖ్య సంప్రదాయానిది, పరిమాణం కుటుంబ ఆర్థిక స్థితిది.

కోస్తా ఆంధ్రకు చెందిన గుట్టపూసల హారం ఇందుకు భిన్నమైన దృష్టిని చూపుతుంది. బంగారు పట్టీ అంచున సన్నని ముత్యాలు గుత్తులు గుత్తులుగా వేలాడడం దీని లక్షణం. ఇందులో ముత్యం పెద్దదైతే గుత్తి అందం చెడుతుంది. సన్నదనమే ఇక్కడ గుణం. చవ్ లెక్కలో అతి తక్కువ వెల పలికే సన్నముత్యం ఈ హారంలో ప్రధాన శోభ అయింది. కనుక పెద్ద ముత్యమే మేలన్న అభిప్రాయం వర్తకపు విలువకు చెందినదే కాని సార్వత్రికమైన సౌందర్య సూత్రం కాదని చెప్పవచ్చు. మహారాష్ట్ర వధువు ధరించే చించ్‌పేటీ, తన్మణి కూడా మెడకు దగ్గరగా ఉండే ముత్యపు నగలే. మరాఠీ, కన్నడ ప్రాంతాలకు ఆనుకుని ఉన్న జహీరాబాదు వైపు ఈ నమూనాలు అపరిచితమైనవి కావు.

6. సాగుముత్యం: మారిన కొలత

జపానుకు చెందిన మికిమోతో కోకిచి 1893లో అర్ధగోళాకారపు సాగుముత్యాన్ని సాధించాడు. గుండ్రని ముత్యాన్ని సాగుచేసే పద్ధతి 20వ శతాబ్ది తొలి దశకాలలో రూపుదిద్దుకుంది. 1920వ దశకంలో ఆ ముత్యాలు ప్రపంచ విపణికి చేరాయి. ఆ పోటీకి 1929 తరువాతి ఆర్థిక మాంద్యం తోడై సహజముత్యపు వెల కుప్పకూలింది. బహ్రైన్‌లో ముత్యపు వేట క్షీణించింది, 1932లో అక్కడ చమురు బయటపడింది. తరతరాల ఆస్తిగా భావించి కూడబెట్టిన ముత్యం విలువ కొద్ది సంవత్సరాలలో తగ్గిపోవడం స్త్రీధనపు చరిత్రలో గుర్తుంచుకోవలసిన పాఠం.

భారతదేశంలో ఈ శాస్త్రం 1973లో ఫలించింది. ఆ సంవత్సరం తూత్తుకుడిలో కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్త కె. అలగర్‌స్వామి బృందం సాగుముత్యాన్ని ఉత్పత్తి చేసింది. కాని హైదరాబాదు విపణి రూపురేఖలను మార్చినది చైనా మంచినీటి ముత్యం. ఉప్పునీటి అకోయా చిప్ప ఒకటి రెండు ముత్యాలనే ఇస్తే, మంచినీటి చిప్ప ఒక్కటే డజన్ల కొద్దీ ముత్యాలను పెంచగలదు. రాశి పెరిగింది, వెల తగ్గింది. రాశులుగా వచ్చిన ముత్యాలను విభజించి, బెజ్జం వేసి, జత కలిపి, పేర్లుగా కూర్చే పనికి హైదరాబాదు కేంద్రమైంది. చార్మినారు పరిసరాలలోని పత్తర్‌గట్టి, లాడ్‌బజారు ఈ వ్యాపారానికి చిరునామాలయ్యాయి.

సాగుముత్యంతోపాటు కొలత కూడా మారింది. చవ్ స్థానంలో మిల్లీమీటరు వచ్చింది. అకోయా ముత్యం సాధారణంగా 6 నుండి 8 మి.మీ. మధ్య, దక్షిణ సముద్రపు ముత్యం 9 మి.మీ. నుండి పైకి ఉంటాయి. వెర్నియర్ కాలిపర్స్ పట్టడం తెలిసిన వారెవరైనా ముత్యాన్ని కొలవగలరు. అయితే మిల్లీమీటరు వ్యాసాన్ని మాత్రమే చెబుతుంది. అది సహజమో సాగుదో, పైపొర ఎంత మందమో చెప్పదు. సహజముత్యాన్ని, సాగుముత్యాన్ని నిశ్చయంగా వేరు చేయడానికి ఎక్స్‌రే పరీక్ష అవసరం. 2021 జూన్ నుండి దశలవారీగా తప్పనిసరి అయిన హాల్‌మార్కు బంగారపు స్వచ్ఛతకు పూచీ ఇస్తుంది కాని దానికి జోడించిన ముత్యానికి ఇవ్వదు.

7. సంగారెడ్డి–పటాన్‌చెరు: జీతగాళ్ల ముత్యం

1960వ దశకంలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం, 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్, 1980వ దశకంలో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఏర్పడ్డాయి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు వాటి చుట్టూ విస్తరించాయి. పూర్వపు మెదక్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లాగా ఏర్పడింది. కోస్తా, రాయలసీమ, కర్ణాటక, మహారాష్ట్రల నుండి, ఉత్తరాది నుండి వచ్చిన ఉద్యోగులు, కార్మికులు స్థానిక కుటుంబాల పక్కన స్థిరపడ్డారు. దానితో గుట్టపూసలు, సత్లడ, చించ్‌పేటీ, తెలంగాణ పుస్తెలతాడు పక్కపక్కనే కనిపించే సాంస్కృతిక నేపథ్యం ఏర్పడింది.

ఈ ప్రాంతపు ముత్యం దర్బారు ముత్యానికి రెండు విధాల భిన్నమైనది. మొదటిది కొనుగోలు పద్ధతి. జాగీరు ఆదాయంతో కాక నెలజీతంతో, చీటీల పొదుపుతో కొనే కుటుంబానికి ముందుగా బంగారం, ఆ తరువాతే ముత్యం. బంగారాన్ని తాకట్టు పెట్టవచ్చు, మార్చుకోవచ్చు. సాగుముత్యానికి మారుబేరం నామమాత్రం. కనుక ముత్యానికి కేటాయించే సొమ్ము ఆస్తి కోసం కాక అలంకరణ కోసం వెచ్చించినదే. రెండవది వాడుక. పెళ్లినాటి పేరు తరువాత ఉద్యోగానికి పోయే స్త్రీ మెడలో ఉంటుంది. ముత్యం కాల్షియం కార్బొనేటుతో ఏర్పడిన మెత్తని పదార్థం. చెమట, అత్తరు, ఆమ్లపు ఆవిరి దాని నిగారింపును తగ్గిస్తాయి. దారాన్ని అప్పుడప్పుడు మార్చి తిరిగి గుచ్చించవలసి ఉంటుంది. కర్మాగారాల నడుమ జీవించే వారికి ఈ సంగతి మరింత వర్తిస్తుంది.

8. పరిమాణ నిర్ణయం: చరిత్ర సూచించే ప్రమాణాలు

పై చర్చ నుండి వధువు పేరు ఎంపికకు కొన్ని ప్రమాణాలు తేలుతాయి. మెడ చుట్టుకొలత మొదటిది. 14 నుండి 16 అంగుళాల పేరు మెడను అంటి ఉంటుంది. 17 నుండి 19 అంగుళాలది కంఠం కిందికి దిగుతుంది. 28 అంగుళాలు దాటినది హారమవుతుంది. పుస్తెలతాడు, కాసులపేరు వంటి పొడవైన బంగారు నగలు ఉన్నప్పుడు ముత్యాన్ని మెడ దగ్గరే ఉంచడం వల్ల రెండూ ఒరుసుకోవు. చించ్‌పేటీ, చింతాక్ రూపొందిన తీరులోనూ ఈ వివేకం కనిపిస్తుంది.

పేటల సంఖ్యకూ ముత్యపు పరిమాణానికీ విలోమ సంబంధం రెండవది. ఏడు పేటలలో 8 మి.మీ. ముత్యాలు గుచ్చితే, ఒక్కొక్క పేట 16 అంగుళాలే అయినా బరువు పావుకిలో దాటుతుంది. అదే 4 మి.మీ.తో సుమారు 65 గ్రాములు. గంటల కొద్దీ పీటలపై కూర్చునే వధువుకు ఈ తేడా చిన్నది కాదు. ఒంటిపేటకు పెద్ద ముత్యం, పలుపేటలకు సన్నముత్యం అన్న పద్ధతి సౌకర్యాన్ని బట్టి ఏర్పడినదే. మూడవది కూర్పు. పరిమిత వ్యయంలో నిండుదనం కావాలంటే అర్థశాస్త్రం చెప్పిన అవఘాటకమే నేటికీ మార్గం. పెద్ద ముత్యాలు నడుమ కొన్నే ఉంటాయి, చూపు వాటి మీదే నిలుస్తుంది.

నాలుగవది లిఖితాధారం. హిందూ వారసత్వ చట్టం, 1956లోని 14వ సెక్షను స్త్రీకి తన ఆస్తిపై సంపూర్ణ హక్కునిచ్చింది. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్త్రీధనం భార్యకే చెందుతుందని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన నియమాలు వధూవరులకిచ్చే కానుకల జాబితాను, వాటి వివరణను, ఉజ్జాయింపు వెలను రాసి ఉంచాలని నిర్దేశించాయి. ఆ జాబితాలో 'ముత్యాలపేరు ఒకటి' అని రాస్తే అది ఏ పేరైనా కావచ్చు. 'మంచినీటి సాగుముత్యాలు, 7 మి.మీ., 16 అంగుళాలు, ఒంటిపేట, ఇన్ని ముత్యాలు' అని రాస్తే అది గుర్తుపట్టదగిన ఆస్తి. వివాదం వచ్చిననాడు ఈ ఒక్క వాక్యం వధువు పక్షాన నిలుస్తుంది.

9. ముగింపు

1. ముత్యపు పరిమాణాన్ని తెలుగు ప్రాంతానికి వర్తించే ఆధారాలు మూడు కొలమానాలతో చూపుతున్నాయి: శాస్త్రకారుల సరసంఖ్య, గురిగింజల తూకం మొదటిది, వర్తకుల జల్లెడ, చవ్ రెండవది, సాగుముత్యపు మిల్లీమీటరు మూడవది.

2. చవ్ లెక్క వెలను బరువు వర్గానికి ముడిపెట్టడం వల్ల స్వల్పమైన పరిమాణ భేదం కూడా పెద్ద ధరాభేదమైంది. ఆ జ్ఞానం దళారుల వద్దే ఉండడంతో కొనుగోలుదారు వారిపై ఆధారపడవలసి వచ్చింది.

3. గుట్టపూసలు సన్నముత్యాన్ని, సత్లడ పేటల సంఖ్యను ప్రధానంగా గ్రహించాయి. పెద్ద ముత్యమే శ్రేష్ఠమన్న అభిప్రాయాన్ని ఈ రెండు సంప్రదాయాలూ సమర్థించవు.

4. 1930 ప్రాంతపు ధరల పతనం, నేటి సాగుముత్యపు నామమాత్రపు మారుబేరం ముత్యాన్ని పొదుపుగా భావించరాదని తెలియజేస్తున్నాయి.

5. సంగారెడ్డి–పటాన్‌చెరు వంటి జీతాధారిత, బహుభాషా ప్రాంతంలో ముత్యపు పరిమాణం దర్బారు ప్రతిష్ఠను కాక మెడ కొలతను, నిత్యవాడుకను, కుటుంబ వ్యయాన్ని అనుసరించవలసి ఉంటుంది.

6. మిల్లీమీటరు వధువు చేతికి వచ్చిన మొదటి బహిరంగ కొలమానం. దానిని కొనుగోలు రసీదులోను, కానుకల జాబితాలోను నమోదు చేసినప్పుడే ముత్యాలపేరు అలంకారంతోపాటు ఆమె ఆస్తిగానూ నిలుస్తుంది.